ఆషాఢ పున్నమి నీళ్ళు

మా ఇంట్లో సముద్రాన్ని ఊరికే ముట్టుకోకూడదు. చూడొచ్చు, దణ్ణం పెట్టుకోవచ్చు, ఒడ్డున కూర్చుని పులిహోర తినొచ్చు. కాలు పెట్టాలంటే మాత్రం పర్వం ఉండాలి. పర్వాలన్నిటిలోకీ పెద్దవి నాలుగు పున్నములు: ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం. ఆ నాలుగింటినీ కలిపి మావాళ్ళు ఆకామావై అంటారు. మిగతా రోజుల్లో సముద్రాన్ని తాకితే ఏమవుతుందని చిన్నప్పుడు అమ్మనడిగాను. "సముద్రం ఏమీ అనదు. నేను నాలుగు తగిలిస్తాను" అంది.

అలాంటి ఇంట్లో పుట్టి నేను సముద్రం మీద ఉద్యోగం తెచ్చుకున్నాను. తిరుపతిలో, కొండ కనపడే కిటికీ పక్కన కూర్చుని, ఉపగ్రహాలు పంపే బొమ్మల్లో మన ఒడ్డు నీళ్ళు ఏ ఏడు చల్లబడ్డాయో, ఏ ఏడు వెచ్చబడ్డాయో చూడటం నా పని. ఇన్నేళ్ళూ నీళ్ళు ముట్టకుండానే నీళ్ళ గురించి రాశాను. మా నాయన గుడి కైంకర్యం మానుకున్నాక నన్ను ఆటపట్టించడమే కైంకర్యంగా పెట్టుకున్నాడు. "మా పాప వంటింట్లోకి పోకుండానే చారులో ఉప్పు చాల్లేదని చెప్తాది" అనేవాడు, ఇంటికొచ్చిన వాళ్ళందరితో.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. నేను పిరికిదాన్ని. ఘాట్ రోడ్డు మలుపుల్లో కళ్ళు మూసుకుంటాను. తెల్లారకముందు ఫోను మోగితే ఎత్తే లోపల ఇంట్లో అందర్నీ ఒకసారి చంపి బతికించుకుంటాను. ఈ గుణం ఎవరినుంచి వచ్చిందో తెలీదు గానీ అమ్మ నుంచి మాత్రం కాదు. అమ్మ బల్లిని చీపురుతో కాదు, చేత్తో తోలుతుంది. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో స్టెంటు వెయ్యడానికి తీసుకెళ్తుంటే, తలుపు దాకా స్ట్రెచర్ మీద పడుకునే, రాత్రి నానబెట్టిన మినప్పప్పు పులిసిపోతుంది, పోయి రుబ్బమని నాకు పని చెప్పింది. తలుపు మూసుకోగానే కళ్ళు తిరిగి పడిపోయింది మాత్రం నేను.

ఆ తలుపు వెనకే అమ్మ మొక్కుకుందట. తన గుండె మళ్ళీ సరిగ్గా కొట్టుకుంటే ఏడాదిలో నాలుగు పున్నములూ సముద్ర స్నానం చేస్తానని. ఇంటికొచ్చిన మూడో రోజు, మజ్జిగన్నం కలుపుకుంటూ, తాపీగా చెప్పింది. నాకు నోట్లో ముద్ద దిగలేదు. ఎందుకంటే డాక్టరు వద్దన్న వాటిలో మొదటిది చన్నీళ్ళు. చల్లటి నీళ్ళు ఒక్కసారిగా ఒంటికి తగిలితే నరాలు ముడుచుకుంటాయనీ, గుండె మీద బరువు పడుతుందనీ, వేణ్ణీళ్ళతోనే స్నానం చెయ్యాలనీ నా ఎదుటే చెప్పాడు.

"సముద్రమేమన్నా మన గీజరా, తిప్పితే వేడెక్కేదానికి?" అన్నాను.

"దేవుడికి చెప్పినాను మే. డాక్టరుకి కాదు" అంది.

వద్దంటే ఆగే మనిషి కాదు. అమ్మ పుట్టిల్లు గూడూరు. అక్కడినుంచి తూర్పుకి పోతే సముద్రం. చిన్నప్పటినుంచీ వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి, నాలుగు పున్నములూ అక్కడే మునిగేది. పెళ్ళై తిరుపతి వచ్చాక ఏడాదికి ఒకసారైనా పోయేది, అదీ వీలైతే ఆషాఢానికే. ఆషాఢమే ఎందుకంటే అమ్మ దగ్గర వాళ్ళమ్మ మాట ఒకటుంది. మిగతా మూడు పున్నములూ సముద్రం రమ్మంటుంది, ఎంతసేపున్నా ఉండనిస్తుంది, అందుకే ఆ మూడింటికీ ఒకరి చెయ్యి ఒకరు వదలకూడదు. ఆషాఢంలో మాత్రం సముద్రానికి మర్యాద తెలుసు. మూడు మునకలు వెయ్యనిచ్చి, ఇంక పొమ్మంటుంది. అంత చలి. నాలుగో మునకకి దంతాలు టకటకలాడి మనిషి తనంతట తనే ఒడ్డుకి పరిగెత్తాల్సిందే.

బయట ఎండ ఉడికిస్తుంటే నీళ్ళు అంత చల్లగా ఎందుకుంటాయో నేను చదువుకున్నాక ఒకరోజు అమ్మకి కాఫీ గ్లాసు పెట్టి చెప్పాను. కాఫీ మీద మీగడ కట్టిందా? ఒక పక్కనుంచి ఊదితే మీగడ అవతలికి జరుగుతుంది, కింద కాఫీ పైకి కనబడుతుంది. ఆ కాలంలో నైరుతి గాలి ఒడ్డు వెంబడి తెగకుండా వీస్తుంది. పైన వెచ్చటి నీళ్ళు ఒడ్డు వదిలి లోపలికి జరుగుతాయి. ఆ చోటు నింపడానికి అడుగునుంచి, ఎప్పుడూ ఎండ మొహం చూడని చల్లటి నీళ్ళు పైకి ఉబుకుతాయి. దాన్నే మేము అప్‌వెల్లింగ్ అంటాము. ఆ అడుగు నీళ్ళలో చేపలకు కావలసిన తిండి ఉంటుంది, అందుకే వాటి వెనకే చేపలు వస్తాయి.

అమ్మ అంతా విని, గ్లాసు తీసుకుని, మీగడ నోట్లో వేసుకుంది. "మా అమ్మ చెప్పిందే నువ్వూ చెప్పినావు. దీనికి అంత చదువు కావల్సొచ్చింది" అంది.

నాలుగింటిలో మూడు ఎలా గడిచాయో చెప్పాలంటే నా బీపీ మాత్రలే చెప్పాలి. కార్తీకంలో జనం విరగబడి ఉన్నారు, నేను అమ్మ కొంగు నా చేతికి చుట్టుకుని దిగాను. మాఘంలో నీళ్ళకంటే గాలే చల్లగా ఉంది, ఇంటికొచ్చిందాకా అమ్మ నాడి పట్టుకునే కూర్చున్నాను, "చెయ్యి నొప్పి పుడతా ఉండాది, వదులు" అని ఆమె విసుక్కునేదాకా. వైశాఖంలో నీళ్ళు వేడి చేసి పోసినట్టున్నాయి. ఎండాకాలం కదా అనుకుని ఊరుకున్నాను. అమ్మకి వెచ్చగా ఉంటే నాకు అంతకంటే ఏం కావాలి.

మిగిలింది ఆషాఢం. మొక్కు పూర్తయ్యేది ఆ పున్నమితోనే. నేను ఏడాది పొడుగునా భయపడ్డదీ ఆ పున్నమికే.

వేరే వాళ్ళైతే దేవుడి మీద భారం వేసి కూర్చుంటారు. నాకు ఆ సుఖం కూడా లేదు. ఎందుకంటే తెలుసుకోవడం నా ఉద్యోగం. రోజూ ఆఫీసుకి పోయి నా పని పక్కన పెట్టి ఆ ఒక్క ఒడ్డునే చూసేదాన్ని. పాత ఏళ్ళన్నీ బయటికి తీశాను. ఏళ్ళ తరబడి బొమ్మలు వరసగా పెట్టి చూస్తే ఆషాఢం రాగానే ఒడ్డు వెంబడి సన్నగా, చీర అంచులా నీలం గీత ఒకటి కనబడుతుంది. అదే చలి. కొన్నేళ్ళు ముదురుగా, కొన్నేళ్ళు లేతగా. ఒక ఏడు తొందరగా వచ్చి పోతుంది, ఒక ఏడు శ్రావణం దాకా వదలదు. ఈమధ్య ఆ గీత మునుపటిలా నిలకడగా ఉండటం లేదని నాకు అనుమానం. ఈ పని చేసే మావాళ్ళలో దీనిమీద రెండు మాటలున్నాయి. గాలి బలపడితే చలి ఇంకా పెరుగుతుందని కొందరు. పై నీళ్ళు వేడెక్కి మూతలా బిగుసుకుంటే ఎంత గాలి వీచినా అడుగు నీళ్ళు పైకి రాలేవని కొందరు. ఇద్దరి మాటా నేను మా దగ్గర చదువుకునే పిల్లలకు పాఠం చెప్తాను. ఇద్దరిలో ఎవరు నిజమో పాఠం చెప్పేటప్పుడు పెద్దగా అక్కరపడలేదు.

ఇప్పుడు అక్కరపడింది. అమ్మ దిగేది అన్నేళ్ళ సముద్రంలోకి కాదు. ఒక్క పొద్దున, ఒక్క ఒడ్డున, నడుము లోతు నీళ్ళలోకి. అన్నేళ్ళ సంగతి నాకు తెలుసు. ఆ ఒక్క పొద్దున సంగతి తెలీదు. పైగా ఆషాఢం మబ్బులు. ఉపగ్రహానికి మబ్బు కింద నీళ్ళు కనపడవు. వారం రోజులుగా మా ఒడ్డు ఉండాల్సిన చోట బొమ్మలో తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు.

"ఏమంటాది నీ సముద్రం?" అని నాయన అడిగాడు, పున్నమికి రెండు రోజుల ముందు.

"మబ్బుగా ఉంది, తెలీదు. గాలి మాత్రం బాగా వీస్తోంది. చల్లగానే ఉండొచ్చు."

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడిందంట" అని నవ్వాడు గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ రోజు నాయనకీ భయంగానే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

బతిమాలాను. ఒడ్డునే నిలబడు, చెంబుతో నీళ్ళు తెచ్చి తలమీద చల్లుతాను, అదీ స్నానమే అవుతుందని నాయన చేత శాస్త్రం కూడా చెప్పించాను. అమ్మ విని, "మొక్కు మునగతానని. చల్లుకుంటానని కాదు" అంది. ఏడ్చాను. "ఏడుస్తే నీళ్ళు వేడెక్కవు మే" అంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాము. మూడంటే మూడే మునకలు. ఒక చెయ్యి నేను పట్టుకుంటాను, ఇంకో చెయ్యి ఒడ్డున మాకు తెలిసిన అక్క పట్టుకుంటుంది. మునగ్గానే బయటికి.

ఇక చలి మీదికి యుద్ధానికి బయల్దేరినట్టు బయల్దేరాను. రెండు శాలువాలు. ఫ్లాస్కు నిండా శొంఠి, మిరియాల కషాయం. ఇంకో ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు, పాదాలమీద పొయ్యడానికి. ఉన్ని సాక్సులు. నాలుక కింద పెట్టే మాత్రలు నా జాకెట్లో ఒక పొట్లం, నాయన జేబులో ఒక పొట్లం. గూడూరులో డాక్టరు ఎక్కడున్నాడో ముందే ఫోను చేసి కనుక్కున్నాను. కారు నేనే నడిపాను, దారి పొడుగునా మొక్కుకుంటూ. స్వామీ, ఈ ఒక్కరోజుకి నీళ్ళు వెచ్చగా ఉండనీ. మా ఇంటి పెరుమాళ్ళు చాలడేమోనని కాణిపాకం వినాయకుడికి కూడా మొక్కాను. మా ఇంట్లో తెలిస్తే ఊరుకోరు గానీ, భయానికి అడ్డనామమేదో నిలువునామమేదో తెలీదు.

అమ్మ వెనక సీట్లో కూర్చుని ఎంత హాయిగా ఉందో. గూడూరులో నిమ్మకాయల మండీ ముందు కారు ఆపించి నిమ్మకాయలు కొనింది, అక్కడ కొనకపోతే పుట్టింటికి వచ్చినట్టుండదట. ఒకటి గోటితో గిల్లి వాసన చూసుకుంటూ, చిన్నప్పుడు ఆషాఢానికి వాళ్ళమ్మ ఎలా కేకలు పెట్టేదో చెప్పింది. మొదటి మునకకి "గోవిందా" అనేదట, రెండోదానికి "అబ్బా" అనేదట, మూడోదానికి నోట మాటే వచ్చేది కాదట. చెప్పి తనే నవ్వుకుంది. నేను స్టీరింగు పట్టుకుని వేళ్ళు తెల్లబడేలా నొక్కుతున్నాను.

ఒడ్డున అక్క సంగతి చెప్పాలి. చేపలు అమ్ముకునే ఇల్లు. అమ్మ చిన్నప్పటినుంచీ వాళ్ళింటి పెరట్లోనే మా ఆడవాళ్ళు తడి చీరలు మార్చుకునేది. మేము చేప తినమని తెలిసి, మేము వచ్చే రోజు చేపల గంప ఇంటి వెనక దాచి, వాకిలి కడిగి ఉంచేది ఆమె. ఆ రోజు గంప గుమ్మం ముందే బోర్లించి ఉంది. అమ్మ దాన్ని చూడటం ఆమె చూసింది. "దాసే పని లేదులేమ్మా, అది ఎండిపోయి వారమైనాది" అంది. నాకు గంప మీద ధ్యాస లేదు. శాలువాలు ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాను.

పొద్దు బాగా ఎక్కింది. మబ్బు, గాలి, బూడిదరంగు నీళ్ళు. కార్తీకంలో ఉన్నంత జనం లేరు, అక్కడక్కడా నాలుగైదు కుటుంబాలు. నాయన సంకల్పం చెప్పాడు. అమ్మ పసుపు కుంకుమ వదిలి, పిడికెడు ఇసుక సముద్రంలో వేసి, దణ్ణం పెట్టింది. నేను ముందు దిగాను. పళ్ళు బిగించి, భుజాలు ముడుచుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. కెరటం వచ్చి మోకాళ్ళు ముంచింది.

చలి రాలేదు.

పైనీళ్ళేమో అనుకున్నాను. రెండో కెరటం కోసం ఆగాను. అది నడుము దాకా వచ్చింది. మిట్టమధ్యాహ్నం మేడమీద ట్యాంకు నీళ్ళలా ఉన్నాయి. నేను ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వదులైపోయి, నడి నీళ్ళలో నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. "నాయనా! వెచ్చగా ఉన్నాయి! వెచ్చగా ఉన్నాయి!" అని ఒడ్డుకి వినపడేలా అరిచాను. నాయన రెండు చేతులూ ఎత్తి కొండ ఉన్న దిక్కుకి దణ్ణం పెట్టాడు.

అమ్మ దిగింది. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి అక్క. మొదటి మునక, రెండు, మూడు. లేచి, మొహం మీద నీళ్ళు తుడుచుకుని, అమ్మ ఆశ్చర్యంగా చుట్టూ చూసింది. "ఇదేంది, ఇంత బాగుండాది" అంది. ఇంకో మునక వేసింది. నేను ఆపలేదు. చలి లేనప్పుడు ఒప్పందమేముంది? "వదలండి, చేతులు నొప్పి పుడతా ఉండాయి" అంటే అక్క నవ్వి వదిలింది, నేనూ వదిలాను. అమ్మ నీళ్ళలో చతికిలబడి కూర్చుంది, కెరటం వస్తే తేలుతూ, పోతే కూర్చుంటూ. ఏడాది క్రితం గొట్టాల మధ్య పడుకున్న మనిషి. ఆమె నవ్వు చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒడ్డున శాలువా పట్టుకుని నిలబడ్డ నాయనని కూడా పిలుద్దామని వెనక్కి తిరిగాను. "నువ్వూ రా నాయనా, శాలువా అక్కడ పడేసి రా" అన్నాను. నాయన నవ్వుతూ పంచె ఎగగట్టుకోబోయాడు. ఆ నవ్వు ఉన్నట్టుండి మొహం మీదనుంచి ఊడిపోవడం చూశాను.

తిరిగి చూస్తే అమ్మ కూర్చున్న చోట అమ్మ లేదు.

నురుగు ఉంది. నురుగు పక్కన పసుపు చీర కొంగు ఒకటి విప్పారి, ఉత్తరంగా జరిగిపోతోంది. ముందుకి ఉరికాను, కాళ్ళకింద ఇసుక కరిగిపోయి నేనే పడ్డాను. నోట్లోకి, ముక్కులోకి ఉప్పునీళ్ళు. లేచేసరికి అక్క నన్ను దాటి పోయింది. ఆమె ఈదలేదు, నడిచినట్టే పోయి, గుండె లోతులో వంగి, అమ్మ జుట్టు దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగింది. నేను పోయి నడుము పట్టుకున్నాను. ఇద్దరం ఈడ్చుకుంటూ వచ్చి తడి ఇసుకలో పడేశాము.

అమ్మ పెదాలు నల్లబడి ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి, దేన్నీ చూడకుండా ఉన్నాయి. అక్క ఆమెను పక్కకి తిప్పి వీపు మీద చరుస్తోంది. నేను జాకెట్లోంచి పొట్లం తీశాను, మాత్రలు కరిగి పిండైపోయాయి. నాయన జేబులో ఇంకో పొట్లం ఉందని ఇద్దరికీ తట్టలేదు. గుండె కొట్టుకుంటోందా అని ఛాతీ మీద చెవి పెట్టాను. నా చెవికి సముద్రమే వినబడింది. ఇంకా గట్టిగా ఆనించాను. సముద్రమే. అంత భయం నేను అంతకుముందు ఎరగను. ఘాట్ రోడ్డు, ఫోను మోతలు, అవన్నీ ఉత్తుత్తి భయాలని అప్పుడు తెలిసింది. అసలు భయానికి ఒణుకు కూడా ఉండదు. నేను రాయిలా ఉన్నాను. నాయన మాత్రం శాలువా తెచ్చి అమ్మ మీద కప్పుతున్నాడు, గాలికి పోతుంటే మళ్ళీ కప్పుతున్నాడు. "చలి, చలి" అంటున్నాడు. ఎవరికీ చలి లేదు.

అమ్మ దగ్గింది. నీళ్ళు కక్కింది. మళ్ళీ దగ్గింది, ఈసారి గట్టిగా, తిట్టినట్టు. కళ్ళు తిప్పి నన్ను, నాయన్ని చూసి, "మూడైనాయా?" అంది.

"మూడేంది, ముప్పయ్యేసినావు" అన్నాడు నాయన. అని, అక్కడే ఇసుకలో కూలబడి, చంటిపిల్లాడిలా భోరుమన్నాడు.

అక్క తన జుట్టు పిండుకుంటూ, ఊపిరి ఆడక, అమ్మనే చూస్తోంది. "ఆషాడంలో ఇంతసేపు ఎవురూ నీళ్ళల్లో ఉండరే. నేను పుట్టినకాణ్ణుంచి సూళ్ళేదు" అంది. ఎవరినీ తప్పుపట్టినట్టు కాదు. తనకి తనే చెప్పుకున్నట్టు.

గూడూరులో డాక్టరు చూశాడు. ఈసీజీ తీశాడు, ఊపిరితిత్తులు విన్నాడు, సాయంత్రం దాకా పడుకోబెట్టాడు. స్టెంటు బాగానే ఉందన్నాడు, ఇంకెప్పుడూ సముద్రం జోలికి పోవద్దన్నాడు. అమ్మ బుద్ధిగా తలూపింది. అలా తలూపడం ఆమె అలవాటు కాదు, నేను గమనించాల్సింది. తిరుగు దారిలో శొంఠి కషాయం ఫ్లాస్కు మూత కూడా తియ్యకుండా అలాగే ఉంది. ఉన్ని సాక్సులు పొడిగా ఉన్నాయి. చలికి ఎన్ని కాపలాలు పెట్టానో తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండింది. చలి రాకపోతే ఏం చెయ్యాలో మాలో ఒక్కరికీ తెలీదు. తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

వారం తర్వాత మబ్బులు విడిపోయాయి. ఆఫీసులో బొమ్మ తెరిచాను. ఒడ్డు వెంబడి నీలం అంచు కోసం వెతికాను. దక్షిణాన తడ నుంచి పైకి, పైనుంచి మళ్ళీ కిందికి. లేదు. లోపలి సముద్రం ఎంత ఎర్రగా ఉందో ఒడ్డు కూడా అంతే ఎర్రగా ఉంది. గాలి వీచిన మాట నిజం, నా జుట్టే సాక్ష్యం. గాలి వీచినా అడుగు నీళ్ళు పైకి రాలేదు. ఒక్క ఏడుని పట్టుకుని ఏమీ తేల్చకూడదు, అది నేను మొదటి రోజు చెప్పే పాఠం. వచ్చే ఏడు మళ్ళీ రావచ్చు, గడ్డకట్టించేంత చలి రావచ్చు. ఆ పాఠం నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను. నీళ్ళు వెచ్చగా ఉండాలని కారు నడిపినంతసేపూ మొక్కుకున్నది నేనే. నా మొక్కు విని ఎవరూ సముద్రాన్ని వేడి చెయ్యరని తెలుసు, అయినా ఆ బొమ్మ మూసి మళ్ళీ తెరిచాను.

ఆ బొమ్మ ఫోనులో పెట్టుకుని ఇంటికి తెచ్చి అమ్మకి చూపించాను. వాకిట్లో కూర్చుని కరివేపాకు దూస్తోంది. ఇది ఈ ఏడు, ఇది నేను చిన్నప్పుడు నువ్వు పోయిన ఏడు అని పక్కపక్కన పెట్టాను. పాత బొమ్మలో నీలం గీత మీద వేలు పెట్టి, "ఇదేనా చలి?" అంది. అవునన్నాను. కొత్త బొమ్మలో అదే చోట వేలు పెట్టింది. అక్కడ ఏమీ లేదు. వేలు తియ్యకుండా చాలాసేపు చూసింది.

"నీళ్ళల్లో కూర్చోనుంటే నాకు తెలుస్తానే ఉండాది మే, లెయ్యాలని" అంది. "అది పొమ్మంటే పోదామని చూస్తా ఉండాను. మా అమ్మప్పట్నుంచీ మూడు మునకలకే పొమ్మనేది. ఈసారి పొమ్మన్లేదు."

నేనేదో చెప్పబోయాను, ఒక్క ఏడుని పట్టుకుని ఏమీ అనకూడదని. అమ్మ కరివేపాకు చేట పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. స్టెంటు రోజు కూడా పట్టుకోలేదు. పొయ్యి మీద చారు పొంగి పొర్లుతున్న వాసన వస్తున్నా, నాయన లోపలినుంచి పిలుస్తున్నా, వదలలేదు.